చెయ్యి దూరని చోట మడతలు

మనం రోజూ రాసుకునే కాగితం మందం మిల్లీమీటరులో దాదాపు పదోవంతు. చైనా శాస్త్రవేత్తలూ, అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలూ కలిసి 2018లో కత్తిరించి మడిచి చూపించిన బంగారు రేకు మందం 80 నానోమీటర్లు. కాగితం మందంలో అలాంటి రేకులు వెయ్యికి పైగా పేర్చవచ్చు. ఇంత పలచని దాన్ని దేనితో కోస్తారన్నది ఎవరికైనా తోచే మొదటి ప్రశ్న. దానికి జవాబు ఉంది. అసలు చిక్కంతా రెండో ప్రశ్నలో ఉంది: కోశాక మడిచేదెవరు? అక్కడ వేలు పట్టదు. ఎంత సన్నని పట్టకారు పెట్టినా రేకు దానికే అంటుకుపోతుంది. కాబట్టి రేకు తనంతట తానే మడత పడాలి. అలా దాన్ని ఒప్పించడానికి ఒక్కో ప్రయోగశాల ఒక్కో ఉపాయం కనిపెట్టింది. ఆ ఉపాయాల కథలే ఈ విశేషాలు.

కోసేదీ అదే, మడిచేదీ అదే

పైన చెప్పిన బంగారు రేకును కోసింది గాలియం అయాన్ల ధార. రేకు కింద ఏ ఆధారమూ ఉండదు, అంచులకు మాత్రమే పట్టు దొరికి మధ్యభాగం గాల్లో నిలిచి ఉంటుంది. అయాన్లకు బాగా వేగం ఇచ్చి, సన్నని ధారగా కూర్చి ఆ రేకు మీదికి వదులుతారు. ఒకేచోట ధార ఎక్కువగా పడితే అక్కడి బంగారు పరమాణువులు ఎగిరిపోయి రేకు తెగుతుంది. అలా గీతలు కోసుకుంటూ పోతారు.

కోత పూర్తయ్యాక అదే ధారను తక్కువ మోతాదులో ఆ భాగమంతటి మీదా చల్లుతారు. ఈసారి రేకు తెగదు. అయాన్లు పైపొరలోకి చొరబడి కొన్ని పరమాణువులను వాటి స్థానాల నుంచి తప్పిస్తాయి, లోపల ఖాళీలు ఏర్పడతాయి. దాంతో పైపొర కుంచించుకోవాలని చూస్తుంది. అయాన్లు చేరని కిందిపొర మాత్రం ఉన్నట్టే ఉంటుంది. పైవైపు బిగుసుకుంటే రేకు పైకి వంగక తప్పదు. ఏ ముక్క ఎంత లేవాలి, ఎటు తిరగాలి అన్నది ముందుగా కోసిన గీతల మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కడ వదిలేశారో అక్కడ పట్టు ఉంటుంది, ఎక్కడ కోశారో అక్కడ స్వేచ్ఛ ఉంటుంది. ఈ రెంటి మధ్య బలాలు సర్దుకుని ఆగిన చోటే చివరి ఆకారం. బీజింగ్ భౌతికశాస్త్ర సంస్థలో జియాఫాంగ్ లి, ఎంఐటీలో నికొలస్ ఫాంగ్ ఈ పనిలో ముఖ్యులు. కోతకూ మడతకూ ఒకే యంత్రం సరిపోవడం, మధ్యలో రేకును తీసి వేరేచోట పెట్టే అవసరం లేకపోవడం ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి.

ఎండకు కరిగే లోహం

గాలియం 29.76 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో బల్ల మీద పెడితే పొయ్యి అవసరం లేకుండానే ద్రవమైపోతుంది. ఆ గుణం కోసమే అయాన్ల ధార యంత్రాలకు దాన్ని ఎంచుకున్నారు. కొద్దిపాటి వేడికే కరిగి టంగ్‌స్టన్ సూది మొనను తడుపుతుంది. బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే ఆ మొన నుంచి అయాన్లు ఒక్కొక్కటిగా లేచి వస్తాయి. చిప్పుల తయారీలో లోపాలు వెతకడానికి ఈ యంత్రాలను చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. రేకులు మడిచే పని వాటికి తర్వాత దొరికింది.

పందిట్లో కనిపించే సూత్రం

పెళ్ళిపందిళ్ళలో, వినాయక మంటపాల్లో కట్టే రంగుకాగితాల తోరణాలు చూసే ఉంటారు. మడతపెట్టిన పలచని కాగితానికి ఒకసారి ఈ వైపు నుంచి, ఒకసారి ఆ వైపు నుంచి గాట్లు పెట్టి విప్పి లాగితే, అరచేతిలో పట్టే ముక్క బారెడు జాలరుగా సాగుతుంది. కాగితం సాగే పదార్థం కాదు. సాగింది గాట్ల మధ్య మిగిలిన సన్నని పట్టీలు వంగి, పక్కకు తిరగడం వల్ల. జపాన్ వాళ్ళు కత్తిరింపూ మడతా కలిపిన ఈ కళను కిరిగామి అంటారు. చైనాలోనూ కాగితం కత్తిరించే సంప్రదాయం శతాబ్దాల నాటిది. లాగితే పువ్వులా విచ్చుకునే చైనా అలంకరణ ఒకటి తమకు దారి చూపిందని బంగారు రేకుల బృందం చెప్పుకుంది. ఈ వ్యాసంలో ఇకముందు వచ్చే కొన్ని ప్రయోగాల్లో ఈ తోరణపు సూత్రమే పనిచేస్తుంది.

గాలిమర రెక్కలు ఎందుకు?

ఆ బంగారు రేకు మీద వాళ్ళు లేపిన ఆకారాల్లో పేరు తెచ్చుకున్నది గాలిమర. వరసలు వరసలుగా, అన్నీ ఒకే వైపుకు తిరిగిన రెక్కలతో ఉంటాయి. అందం కోసం చేసినవి కావు. కాంతిలో మెలితిరుగుతూ ప్రయాణించే రకం ఒకటి ఉంది. ఆ మెలిక కుడివైపుకైనా ఉండవచ్చు, ఎడమవైపుకైనా ఉండవచ్చు. మన కంటికి ఆ తేడా తెలియదు. ఒకే వైపుకు తిరిగిన గాలిమరలు మాత్రం ఆ తేడాను పట్టేసి, ఒక మెలికను ఎక్కువగా పోనిచ్చి రెండోదాన్ని అడ్డుకుంటాయి.

అలాంటప్పుడు రేకు మీద గాలిమర బొమ్మను చదునుగా కోసి ఊరుకోవచ్చు కదా? చాలదు. చదును బొమ్మను వెనక నుంచి చూస్తే కుడి ఎడమగా మారిపోతుంది, దానికి నిజమైన కుడిఎడమలు లేవు. రెక్కలు పైకి లేచి మూడో కొలత వచ్చినప్పుడే ఆకారం తన అద్దపు ప్రతిబింబంతో కలవకుండా నిలుస్తుంది. మడతకు అంత విలువ రావడానికి కారణం ఇదే. నానో స్థాయిలో ఇలా మెలితిరిగిన లోహపు ఆకారాలు కట్టడానికి అంతకుముందు తరచు పొర మీద పొర పేర్చాల్సి వచ్చేది. ఇక్కడ ఒకే ఒక్క పొరతో పని అయిపోయింది.

ఈ మెలితిరిగిన కాంతి మనకు కొత్తదేమీ కాదు. త్రీడీ సినిమాకు రియల్‌డీ పద్ధతి వాడే థియేటర్లలో ఇచ్చే కళ్ళజోడు ఒక కంటికి కుడి మెలికను, రెండో కంటికి ఎడమ మెలికను మాత్రమే చేరనిస్తుంది. జీవం కూడా ఈ విషయంలో పట్టుదల గలది. మన ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు ఎడమచేతివి, డీఎన్‌ఏలోని చక్కెర కుడిచేతిది. లూయీ పాశ్చర్ 1848లో టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కుడివీ ఎడమవీ చేత్తో ఏరి, అణువుల్లో ఈ తేడా ఉందని మొదటిసారి రుజువు చేశాడు. మందుల అణువుల్లోనూ ఈ తేడా ప్రాణావసరం కాబట్టి, దాన్ని కాంతితో పసిగట్టే పనిముట్లకు ఇంత గిరాకీ.

మనిషి కంటికి అందని ఈ మెలికను చూడగలిగే ప్రాణి ఒకటి ఉంది. మాంటిస్ రొయ్యల్లో ఒక జాతికి ఆ శక్తి ఉందని 2008లో తేలింది.

ఒకే ఒక్క పరమాణువు మందం

80 నానోమీటర్లు పలచన అనుకుంటే గ్రాఫీన్‌ను ఏమనాలి? కర్బన పరమాణువులు ఒకే పరమాణువు మందంగా పరుచుకున్న పొర అది. దానికంటే పలచగా కర్బనంతో పొర చెయ్యడం వీలుకాదు. మాంచెస్టర్‌లో ఆంద్రె గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ 2004లో మామూలు అతుకు టేపుతో గ్రాఫైట్ పొరలను ఒలిచి ఒలిచి దాన్ని వేరుచేశారు. 2010లో నోబెల్ అందుకున్నారు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాల్ మెక్యూయెన్ దగ్గర పరిశోధన చేసిన మెలీనా బ్లీస్, ఆమె సహచరులు ఈ పొరను కాగితంలా కత్తిరించవచ్చా అని ప్రయత్నించారు. వాళ్ళు ముందు చూసింది బలాన్ని కాదు, ఒక నిష్పత్తిని. ఏ పలచని రేకుకైనా రెండు రకాల పట్టుదల ఉంటుంది: లాగితే సాగనంటుంది, వంచితే వంగనంటుంది. కాగితం సాగదు, కానీ సులువుగా వంగుతుంది. అందుకే మడతలకూ కత్తిరింపులకూ అది అంత బాగా లొంగుతుంది. పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, కొన్ని మైక్రాన్ల గ్రాఫీన్ ముక్క చేతిలో పట్టే కాగితంతో దాదాపు సమానంగా తూగింది. కాగితం మీద పనిచేసిన కత్తిరింపు గ్రాఫీన్ మీదా పనిచేస్తుందని దాని అర్థం. కాగితాలూ కత్తెరలూ ముందేసుకుని నమూనాలు చేసి చూసుకున్నాకే గ్రాఫీన్‌ను కోశారు.

ఈ లెక్కలో ఒక ఆశ్చర్యం బయటపడింది. గ్రాఫీన్ వంగడానికి చూపిన పట్టుదల సిద్ధాంతం చెప్పిన దానికన్నా వేల రెట్లు ఎక్కువగా ఉంది. పొర చదునుగా లేకపోవడమే కారణం. దాని మీద సహజంగా ఉండే ముడతలూ, వేడికి కలిగే అదురూ దాన్ని బిరుసు చేస్తున్నాయి. ముడతలు పడిన రేకు చదునైన రేకు కంటే వంగడానికి మొరాయిస్తుందని ఇంటి కప్పుకు వేసే రేకులను చూసినవాళ్ళకు తెలుసు. అదే సూత్రం ఒకే పరమాణువు మందంలోనూ నిలబడింది.

మడిచే పని నీళ్ళలో చేశారు. పొడిగా ఉంటే గ్రాఫీన్ తనకు తానే అంటుకుపోతుంది. నీళ్ళలో సబ్బులాంటి పదార్థం కొద్దిగా కలిపితే ఆ బెడద ఉండదు. పొర అంచున పెట్టిన బంగారపు పలకను లేజరు కాంతితో నెట్టి పొర ఎంత వంగుతుందో కొలిచారు. కాంతికి నెట్టే బలం చాలా తక్కువ, ఈ కొలతకు మాత్రం అది సరిపోయింది. తోరణంలా గాట్లు పెట్టిన గ్రాఫీన్ స్ప్రింగు రెండింతలకు పైగా సాగినా దానిలో విద్యుత్ ప్రవాహం చెప్పుకోదగ్గంతగా మారలేదు. వాళ్ళు చేసిన మడతబందు పదివేలసార్లకు పైగా తెరిచి మూసినా చెక్కుచెదరలేదు. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కాగితపు కళలో శతాబ్దాలుగా పోగైన తెలివి ఏ మార్పూ లేకుండా పరమాణువుల దాకా దిగుతుందని రుజువు చేసింది అదే.

గాట్లు పెడితే తెగదు

బట్టకు గాటు పెడితే అక్కడి నుంచే చిరుగుతుందని మన అనుభవం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో నికొలస్ కొటోవ్, మాక్స్ ష్టైన్ బృందం 2015లో గ్రాఫీన్ ఆక్సైడ్ కలిసిన బిరుసైన పలచని పొరను తీసుకుంది. మామూలుగా అది తన పొడవులో 4 శాతం సాగేసరికి తెగిపోతుంది. దాని మీద సూక్ష్మమైన గాట్లు వరసలుగా పెట్టాక 370 శాతం దాకా సాగింది. పదార్థం అదే, మందమూ అదే. గాట్లు లేనప్పుడు లోపల ఎక్కడో ఉన్న చిన్న లోపం దగ్గర బలమంతా పోగై పగులు ఒక్కసారిగా పరుగెత్తుతుంది. గాట్లు క్రమంగా ఉన్నప్పుడు బలం అన్నిటికీ పంచుకుపోతుంది, ఏ ఒక్క పగులూ పెత్తనం చెయ్యలేదు.

మాక్స్ ష్టైన్ అదే ఏడాది కాగితపు కళాకారుడు మాథ్యూ ష్లియన్‌తో కలిసి సూర్యఫలకాల మీద పనిచేశాడు. గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన పలచని ఫలకానికి గాట్లు పెట్టి ఇటూ అటూ లాగితే మధ్య పట్టీలన్నీ ఒకే కోణంలో పక్కకు తిరుగుతాయి. ఎంత లాగితే అంత తిరుగుతాయి. పొద్దు కదిలేకొద్దీ కొద్దికొద్దిగా లాగుతూ పోతే పట్టీలు సూర్యుడి వైపే చూస్తుంటాయి. ఫలకాన్ని మోసి తిప్పే బరువైన యంత్రాలు ఇంటి కప్పు మీద పెట్టడం కష్టం. ఈ పద్ధతిలో ఫలకం కదలనవసరం లేదు, పట్టీలు మాత్రమే కదులుతాయి.

సాగదీసి వదిలితే

మడిచే పనిని రబ్బరుకు అప్పగించిన వాళ్ళు జాన్ రోజర్స్, యాంగ్‌గాంగ్ హువాంగ్. రోజర్స్ అప్పుడు ఇల్లినాయ్‌లో, హువాంగ్ నార్త్‌వెస్టర్న్‌లో ఉన్నారు. ముందు సిలికాన్‌తో చదునైన జాలీలాంటి ఆకారం కత్తిరిస్తారు. సిలికోన్ రబ్బరు పలకను బాగా సాగదీసి పట్టుకుని, ఆ ఆకారాన్ని దాని మీద పరిచి, ఎంచుకున్న కొన్ని చోట్ల మాత్రమే గట్టిగా అతికిస్తారు. తర్వాత రబ్బరును వదిలేస్తారు. రబ్బరు ముడుచుకుంటుంది, అతుకులు దగ్గరవుతాయి, మధ్యలో అతకని భాగాలకు వేరే దారి లేక పైకి లేస్తాయి. బల్లల్లా, గుడారాల్లా, పువ్వుల్లా, సర్పిలాల్లా నలభైకి పైగా ఆకారాలను 2015 జనవరిలో సైన్స్ పత్రికలో చూపించారు. చిప్పుల కర్మాగారాలకు చదునుగా పని చెయ్యడమే తెలుసు. ఈ ఉపాయంలో అవి తమకు తెలిసిన పనే చేస్తాయి, మూడో కొలత చివరి క్షణంలో వస్తుంది.

2021లో రోజర్స్ బృందం ఇదే పద్ధతిలో గాల్లో తిరుగుతూ మెల్లగా దిగే విత్తనాల ఆకారాన్ని తయారుచేసింది. వాటిలో మిల్లీమీటరు కన్నా చిన్నవీ ఉన్నాయి. రెక్కలు సరిగ్గా లేవడం వల్ల అవి గాల్లో తూలిపోకుండా నిలకడగా గిరగిర తిరుగుతూ దిగుతాయి. పెద్దవాటి మీద చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు పెట్టి గాలిలో ఏమున్నదో కొలిపించారు.

నీటిబొట్టు చుట్టిన పొట్లం

ప్యారిస్‌లో చార్లట్ పీ, ఆమె సహచరులు 2007లో ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. చాలా పలచని సిలికోన్ పొర మీద ఒక నీటిబొట్టు వేసి ఊరికే వదిలేశారు. నీరు ఆవిరయ్యేకొద్దీ పొర అంచులు వాటంతట అవే లేచి బొట్టును చుట్టేశాయి. పొరను త్రిభుజంగా కోస్తే ఒక రకం పొట్లం, పువ్వులా కోస్తే ఇంకో రకం.

దీని వెనక ఉన్నది తలతన్యత. మనంత పరిమాణంలో దాని బలం లెక్కలోకి రాదు, బరువుదే రాజ్యం. పొడవు పదింతలు తగ్గితే బరువు వెయ్యింతలు తగ్గుతుంది. తలతన్యత బలం మాత్రం పదింతలే తగ్గుతుంది. అందుకే మిల్లీమీటరు దిగువన పరిస్థితి తిరగబడి, నీటిబొట్టే చెయ్యి అవుతుంది.

ఘనానికి 11 దారులు

ఖరగ్‌పూర్ ఐఐటీలో చదువుకున్న డేవిడ్ గ్రేసియస్ ఈ తలతన్యతతోనే పెట్టెలు కడతాడు. హార్వర్డ్‌లో జార్జి వైట్‌సైడ్స్ దగ్గర మొదలుపెట్టి, 2002లో మొదటి ఫలితాలు ప్రకటించి, తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో కొనసాగించాడు. చదునుగా పరిచిన లోహపు పలకల మధ్య మడతబందుల చోట టంకం వేస్తారు, రేడియో మరమ్మతులో వాడే టంకంలాంటిదే. వేడి చేయగానే టంకం కరిగి బొట్టుగా ముడుచుకోబోతుంది, ముడుచుకుంటూ రెండు పక్కల పలకలనూ పైకి లాగుతుంది. చల్లారేసరికి అంచులు అతుక్కుని మూసిన పెట్టె మిగులుతుంది. 2009 నాటికి ఆయన బృందం 100 నానోమీటర్ల ఘనాలు కూడా మడిచింది.

ఇక్కడే గణితం అవసరం పడింది. ఒక ఘనాన్ని విప్పి చదును చేస్తే ఎన్ని రకాల ఆకారాలు వస్తాయి? సరిగ్గా 11. అట్టముక్క మీద గీసుకుని పిల్లలతో వెతికించదగిన లెక్క ఇది. పన్నెండు పంచభుజాల ముఖాలున్న ద్వాదశఫలకానికి అవి 43,380. ఇరవై త్రిభుజాల వింశతిఫలకానికీ సరిగ్గా అంతే, ఎందుకంటే ఆ రెండూ జంట ఆకారాలు. ఒకదాని ముఖాలున్న చోట రెండోదాని మూలలు ఉంటాయి.

చేత్తో మడిచేటప్పుడు ఏ ఆకారంతో మొదలుపెట్టినా ఫరవాలేదు, తప్పితే సరిచేసుకోవచ్చు. తనంతట తానే మడతపడే పలకకు ఆ అవకాశం లేదు. ఒక మడతబందు ఆలస్యమైతే పక్క పలక అడ్డుపడి పెట్టె వంకరపోతుంది. 43,380లో ఏది నమ్మదగ్గది? గ్రేసియస్ బృందం బ్రౌన్ విశ్వవిద్యాలయ గణితవేత్త గోవింద్ మేనన్‌తో కలిసి 2011లో దీనికి జవాబు ఇచ్చింది. పలకలన్నీ మధ్యకు దగ్గరగా గుమిగూడి, విప్పినప్పుడు కూడా ఎక్కువ మూలలు పక్కపక్కనే ఉన్న ఆకారాలు బాగా మూసుకుంటాయి. పొడుగ్గా తోకలా సాగినవి తరచు చెడిపోతాయి. కాగితం మీద లెక్క చెప్పింది ప్రయోగశాలలో నిజమైంది.

గ్రేసియస్ పని ఆసుపత్రి వైపూ మళ్ళింది. కొంకి పురుగు పేగు గోడకు పళ్ళు దిగేసి పట్టుకుని ఉండే తీరును చూసి, వైద్యుడు ఫ్లోరిన్ సెలారుతో కలిసి దుమ్మురేణువంత నక్షత్రాకారపు పట్టుకొక్కేలు చేశారు. లోహపు పొరలు ముడుచుకోవాలనే చూస్తుంటాయి, పైన పూసిన మైనం వాటిని ఆపుతుంది. శరీరపు వేడికి మైనం మెత్తబడగానే నక్షత్రం మూసుకుని పేగు గోడను పట్టేస్తుంది, పట్టుకుని మందును మెల్లగా వదులుతుంది. 2020లో వచ్చిన వాళ్ళ ఫలితాల ప్రకారం, మామూలుగా రెండు గంటల్లో శరీరం నుంచి పోయే నొప్పి మందు జంతువుల్లో దాదాపు 12 గంటలు నిలిచింది. బ్యాటరీ లేదు, తీగ లేదు, బయటి నుంచి ఆదేశం లేదు.

చాపలా చుట్టుకునే స్ఫటికం

నోవొసిబిర్స్క్‌లో విక్టర్ ప్రింజ్ బృందం 2000లో, జర్మనీలో ఆలివర్ ష్మిట్ 2001లో మరో దారి చూపించారు. పరమాణువుల మధ్య దూరం కొద్దిగా తేడాగా ఉన్న రెండు స్ఫటికాలను ఒకదాని మీద ఒకటి బలవంతాన పెంచుతారు. కింద పట్టి ఉంచిన పొరను రసాయనంతో కరిగించగానే, ఒకటి సాగాలనీ ఒకటి ముడుచుకోవాలనీ చూసి జంటపొర గొట్టంగా చుట్టుకుపోతుంది. పొర ఎంత పలచనైతే గొట్టం అంత సన్నం. ఇస్త్రీపెట్టెలోని థర్మోస్టాట్‌లో రెండు లోహాల పట్టీ వేడికి వంగేది కూడా ఈ సూత్రంతోనే. అక్కడ మందం మిల్లీమీటర్లలో ఉంటుంది, ఇక్కడ కొన్ని నానోమీటర్లు.

వైరస్ దారంతో నవ్వుముఖం

కోత లేకుండా మడత మాత్రమే వాడిన పద్ధతి డీఎన్‌ఏది. నెడ్ సీమన్ 1982లోనే డీఎన్‌ఏను వారసత్వపు పత్రంగా కాక కట్టడపు సామగ్రిగా చూడవచ్చని రాశాడు. కాల్టెక్‌లో పాల్ రోథెముండ్ 2006లో దాన్ని సులభం చేశాడు. ఎం13 అనే వైరస్‌లో ఏడువేలకు పైగా అక్షరాలున్న ఒక పొడుగాటి డీఎన్‌ఏ పోగు ఉంటుంది. రెండువందలకు పైగా పొట్టి పోగులను, ఒక్కోటీ పొడుగు పోగులోని రెండు మూడు దూరపు చోట్లకు జతపడేలా రాయించుకుంటాడు. అన్నిటినీ ఉప్పునీటిలో కలిపి వేడిచేసి చల్లారుస్తాడు. పొట్టి పోగులు తమ జతలను వెతుక్కుంటూ దూరపు చోట్లను దగ్గరికి లాగి కుట్టేస్తాయి. చల్లారేసరికి ఒక్క చుక్కలో కోట్లకొద్దీ నవ్వుముఖాలు, ఒక్కోటీ 100 నానోమీటర్ల వెడల్పు. 2009లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ బృందం మూత ఉన్న డీఎన్‌ఏ పెట్టెను కట్టింది. సరైన డీఎన్‌ఏ పోగు తాళంచెవిగా తగిలితేనే ఆ మూత తెరుచుకుంటుంది.

ఒక్క కోత చాలు

డీఎన్‌ఏ పద్ధతిలో కోతే లేదు. మరి ఒక్క కోతకు మాత్రమే అనుమతి ఉంటే? కాగితాన్ని ఎన్ని మడతలైనా వేసి, కత్తెరతో ఒకే ఒక్క తిన్నని కోత కోస్తే ఏ ఆకారాలు రాబట్టవచ్చు? 1721 నాటి జపాను పొడుపు పుస్తకంలోనే ఇలాంటి లెక్క ఉంది. 1998లో ఎరిక్ డిమేన్, మార్టిన్ డిమేన్, అన్నా లుబివ్ పూర్తి జవాబు ఇచ్చారు: తిన్నని అంచులున్న ఏ ఆకారమైనా వస్తుంది. నక్షత్రం, హంస, మీ పేరులోని అక్షరం గీతలుగా మార్చినది, ఏదైనా సరే. ఎరిక్ అప్పటికి ఇంకా కుర్రవాడు, మార్టిన్ ఆయన తండ్రి.

కోర్యో మియురా మడత

సూక్ష్మలోకంలోనే కాదు, అంతరిక్షంలోనూ మడతకు పని ఉంది. 1970లో జపాన్ అంతరిక్ష ఇంజనీరు కోర్యో మియురా కనిపెట్టిన వాలుగళ్ళ మడతను ఎదురెదురు మూలలు పట్టి లాగితే మొత్తం ఒకేసారి విచ్చుకుంటుంది. 1995లో జపాన్ అంతరిక్షంలోకి పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్‌లో దాన్ని సూర్యఫలకం కోసం వాడి చూశారు.

30 పరమాణువుల మందపు కీలు

ఇంతవరకూ చెప్పిన చాలా పద్ధతుల్లో మడత ఒకసారి పడితే పడినట్టే. కావలసినప్పుడు మడిచి, కావలసినప్పుడు విప్పే కీలు కార్నెల్‌లో ఇటాయ్ కోహెన్, మెక్యూయెన్ బృందాలు చేశాయి. పలచని ప్లాటినం పొర ఒక వైపున టైటానియంతో కప్పి ఉంటుంది. ఆ రెండూ కలిసి 30 పరమాణువుల మందం. ద్రావణంలో ఉంచి చిన్న వోల్టేజీ ఇస్తే తెరిచి ఉన్న ప్లాటినంలోకి ఆక్సిజన్ చొరబడి ఆ వైపు ఉబ్బుతుంది, పొర వంగుతుంది. సెకనులో పదోవంతు చాలు. వోల్టేజీ ఆపేసినా వంగినట్టే ఉంటుంది, వ్యతిరేక వోల్టేజీ ఇస్తే తిరిగి చదునవుతుంది. 2021లో వీటితో కాగితపు పక్షి ఆకారాన్ని సూక్ష్మ పరిమాణంలో మడిపించారు. 2024లో దాదాపు వంద గాజు పలకలను, అంటే సిలికాన్ డయాక్సైడ్ పలకలను, రెండువందలకు పైగా కీళ్ళతో కలిపి మిల్లీమీటరు కన్నా చిన్న పలకను చేశారు. ఒక్కో కీలు మందం సుమారు 10 నానోమీటర్లు. వోల్టేజీ మారిస్తే ఆ పలక సాగుతుంది, ముడుచుకుంటుంది, ఆకారం మార్చుకుని పాకుతుంది. అందులోనూ పలకల మధ్య కోతలే ఆ కదలికకు చోటిచ్చాయి.

ఒక్కొక్కటిగానా, లక్షల్లోనా?

అయాన్ల ధారతో కోసే పద్ధతికి ఒక పరిమితి ఉంది. గీత తర్వాత గీత, ఒకదాని తర్వాత ఒకటి కోయాలి. కాంతి పరిశోధకులకు చిన్న ముక్క చాలు కనుక సరిపోతుంది, బజారుకు సరిపోదు. చిప్పుల్లా అచ్చుపోసే పద్ధతులకు ఆ బెంగ లేదు. 2020లో మార్క్ మిస్కిన్, కోహెన్, మెక్యూయెన్ కలిసి చేసిన నడిచే రోబోలు 5 మైక్రాన్ల మందం, 40 మైక్రాన్ల వెడల్పు, 40 నుంచి 70 మైక్రాన్ల పొడవు ఉంటాయి. కాళ్ళు మడిచి విప్పే ప్లాటినం కీళ్ళవే. నాలుగు అంగుళాల సిలికాన్ పలక మీద పది లక్షలకు పైగా రోబోలు ఒకేసారి తయారవుతాయి. నడిపించాలంటే మాత్రం సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో రోబో వీపు మీద ఉన్న చిన్న సూర్యఫలకాల మీదికి లేజరు మెరుపులు వెయ్యాలి: ఒకటి ముందు కాళ్ళకు, ఒకటి వెనక కాళ్ళకు, మళ్ళీ ముందు కాళ్ళకు.